ఇష్టమైనది ఒకటి ఉంచుకోవడం స్వార్థం కాదు చెల్లీ

వందనాలు చెల్లీ.

మీరు రాసింది నిదానంగా చదివాను. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం, యూకేజీలో ఒకరు, నాలుగో తరగతిలో ఒకరు, మోకాళ్ల నొప్పులతో ఇంట్లో అత్తగారు, ఆదివారం వస్తే సండే స్కూలు. పొద్దున అయిదింటికి లేస్తే రాత్రి పదకొండు దాటాక గానీ నడుం వాల్చడం లేదన్నారు. "ఎప్పుడూ సంతోషంగా ఉండమని వాక్యం చెబుతోంది, నాకేమో దేని మీదా మనసు పోవడం లేదు. మీ రోజులో మీకు ఇష్టమైనవేంటి అక్కా? నాకంటూ ఏదైనా ఉంచుకుంటే అది స్వార్థమవుతుందా?" అని అడిగారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అవదు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. గుంటూరులో స్టాఫ్ నర్సుగా నైట్ డ్యూటీలు చేస్తూ ముగ్గురు పిల్లల్ని పెంచాను. రిటైరయ్యాక కూడా మా సంఘంలో స్త్రీల కూడిక చూసుకుంటున్నాను. అక్కడికి వచ్చే తల్లుల్లో ఎక్కువమంది ప్రార్థన మనవిగా పిల్లల చదువు, భర్త ఉద్యోగం, అత్తగారి ఆరోగ్యం చెబుతారు. "మరి నీ సంగతేంటమ్మా" అని అడిగితే చాలామందికి మాట రాదు. తమకు ఏం ఇష్టమో కూడా మర్చిపోయి ఉంటారు. అంతవరకు రానివ్వకూడదు.

మార్కు సువార్త 6వ అధ్యాయం తీసి చూడండి. శిష్యులు ఊళ్లు తిరిగి వచ్చారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఎక్కువై వాళ్లకు భోజనం చేయడానికి కూడా తీరిక లేకపోయిందని అక్కడ స్పష్టంగా ఉంది. అది చూసి ప్రభువు, పక్కకు రండి, కాసేపు అలసట తీర్చుకోండి అన్నారు. అందరూ పడవెక్కారు. మనం అక్కడిదాకా చదివి సంతోషిస్తాం. తర్వాత జరిగింది కూడా చదవాలి. జనం ఒడ్డు వెంట పరుగెత్తి, పడవ కంటే ముందే ఆ చోటికి చేరిపోయారు. దిగేసరికి గుంపు సిద్ధంగా ఉంది. సాయంత్రం 5,000 మంది పురుషులకు వడ్డన, ఆ పైన 12 గంపలు ఎత్తడం. అంటే ఆ రోజు వాళ్లకు దొరికిన విశ్రాంతి మొత్తం పడవలో ఉన్నంత సేపే.

మన పరిస్థితి కూడా అదే చెల్లీ. ఒక రోజంతా ఖాళీ దొరుకుతుంది, అప్పుడు సంతోషంగా కూర్చుంటాను అనుకుంటే ఆ రోజు రాదు. వేసవి సెలవుల్లో చూద్దాం, క్రిస్మస్‌కి చూద్దాం అని దాచిపెట్టేదీ కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, దాస్తే పురుగులు పట్టింది. అందుకని నాకు ఇష్టమైనవన్నీ ఎలాగూ చేసే పనుల పక్కనే ఉంటాయి. విడిగా టైం అడిగేవి చాలా తక్కువ.

మొదటిది పొద్దున టీ. ఇంట్లో అందరికీ పెట్టే టీ వేరు, నాది వేరు. నాది ముందు. ఒక్క గ్లాసుకు సరిపడా నీళ్లలో అల్లం దంచి వేసి, అది బాగా మరిగి వాసన వచ్చాక పొడి వేసి, పాలు కొంచెమే పోస్తాను. వంటగదిలో ఒక స్టూలు ఉంది, దాని మీద కూర్చునే తాగుతాను. మీకు గట్టిగా చెప్పేది ఇదే, నిలబడి తాగొద్దు. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని తాగితే అది తాగినట్టు కాదు. పొయ్యి ఆపేసి కూర్చోండి. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఇంట్లో ఏమీ మునిగిపోదు. నర్సుగా ఇంకో మాట. టీ గానీ కాఫీ గానీ టిఫిన్‌తో, అన్నంతో కలిపి తాగకండి. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. తినడానికీ తాగడానికీ మధ్య గంట తేడా ఉండనివ్వండి. ఇది ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

ఆ టీతో పాటే వాక్యం. "రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివితే ఏడాదిలో బైబిల్ పూర్తవుతుంది" అనే లెక్క మంచిదే కానీ, చిన్నపిల్లల తల్లికి ఫిబ్రవరి వచ్చేసరికి అది అప్పులా పెరిగిపోతుంది. వారం వెనకబడితే ఇరవైకి పైగా అధ్యాయాల బాకీ. దానికి బదులు 119వ కీర్తన పట్టుకోండి. 176 వచనాలు చూసి భయపడతాం గానీ, అది 22 భాగాలుగా ఉంది, భాగానికి 8 వచనాలే. హెబ్రీ భాషలో ఉన్న 22 అక్షరాలకు ఒక్కో భాగం. మన తెలుగు బైబిల్లో కూడా ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఆ అక్షరాల పేర్లు పైన ఉంటాయి. రోజుకు ఒక అక్షరం. ఎనిమిది వచనాలు గట్టిగా పైకి చదివినా రెండు నిమిషాలు చాలు. ఒక రోజు తప్పిపోతే మర్నాడు ఆ అక్షరం దగ్గరే మొదలుపెడతాం, బాకీ లేదు. అది అయ్యాక సామెతలు తీసుకోండి. 31 అధ్యాయాలు కాబట్టి ఆ రోజు తేదీ ఎంతైతే ఆ అధ్యాయం. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే పని కూడా ఉండదు.

పాట. ఇది నాకు ప్రాణం. గిన్నెలు తోమేటప్పుడు, ఉల్లిపాయలు తరిగేటప్పుడు పాత కీర్తనలు పాడుకుంటాను. పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి, చూశారా? మన పెద్దవాళ్లు వాటిని పల్లవి, అనుపల్లవి, చరణాలతో కచేరీ కీర్తనల పద్ధతిలోనే కట్టారు. ఒక్కోదానికి పదేసి చరణాలు. ఇప్పుడు గుడిలో మూడు చరణాలు పాడి ఆపేస్తున్నారు. మిగతావి వంటగదిలో పాడుకోవచ్చు. పాడేటప్పుడు ఊపిరి నిదానంగా, పొడవుగా బయటికి పోతుంది, భుజాలు వాటంతటవే దిగుతాయి. గొంతు బాగుందా లేదా అని చూసుకోకండి. మీ అత్తగారికి ఆ చరణాలు కంఠతా వచ్చే ఉంటాయి. ఆవిడ్ని కుర్చీ వేసి వంటగది గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, గోంగూర ఆకు తుంచడానికి ఇచ్చి, "ఆ తర్వాత చరణం ఏంటత్తయ్యా" అని అడగండి. మోకాళ్లు నొప్పిగానీ చేతులకూ గొంతుకూ నొప్పి లేదు కదా. తనతో ఇంకా పని ఉందని ఆవిడకు తెలుస్తుంది. మీకు ఒక తోడు దొరుకుతుంది.

ఆఫీసుకు మెట్రోలో వెళ్తానన్నారు. మీ పడవ అదే. ఆ టైంలో ప్రసంగాలు వింటున్నానని రాశారు. వారంలో కొన్ని రోజులు అవి కూడా మానేయండి. ప్రసంగం వినడమూ బుర్రకు పనే. ఊరికే కిటికీలోంచి చూడండి. వాట్సాప్‌లో సంఘం గ్రూపు, స్త్రీల గ్రూపు, స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు అన్నీ మ్యూట్‌లో పెట్టండి. పొద్దున్నే వచ్చే ఇరవై వాగ్దానాల కంటే మీరు చదువుకున్న ఆ ఎనిమిది వచనాల్లో ఒక్కటి గుర్తుంటే చాలు.

ఇక చీర సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే వారమంతటిలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే. మా వైపు ఆదివారం ఆరాధనకు తెల్ల చీర కట్టుకుంటాం. నాది మంగళగిరి నేత చీర. ఒళ్లంతా సాదాగా ఉండి అంచులో మాత్రం జరీ ఉంటుంది. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. శనివారం మధ్యాహ్నం అన్నం వార్చిన గంజి తీసి ఉంచుతాను. కుక్కర్లో వండే ఇంట్లో గంజి దొరకదు కాబట్టి ఆ ఒక్క రోజు గిన్నెలో వండి వారుస్తాను. గంజిని పల్చటి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే మెతుకు ఎక్కడైనా అతుక్కుని ఎండాక మచ్చలా కనిపిస్తుంది. దాన్ని బకెట్లో చల్లనీళ్లతో పలచన చేసి, తెల్ల చీర కాబట్టి రెండు చుక్కల నీలిమందు కలిపి, ఉతికి పిండిన చీరను అందులో ముంచాలి. నీలిమందు నేరుగా చీర మీద పడకూడదు, ముందే నీళ్లలో బాగా కలిసిపోవాలి. మరీ గట్టిగా పిండకుండా దులిపి నీడలో ఆరేయాలి. పూర్తిగా ఎండకముందే, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే ఒక కొస నేను, ఒక కొస మా అమ్మాయి పట్టుకుని అటూ ఇటూ లాగేవాళ్లం. ఆ లాగడంలో ముడతలన్నీ పోతాయి. పిల్లలకు అదొక ఆట. చీర కింద నుంచి చిన్నవాడు దూరిపోయేవాడు. ఇప్పుడు మనవరాలు ఆ కొస పట్టుకుంటోంది. ఆదివారం పొద్దున ఆ చీర మడత విప్పినప్పుడు వచ్చే గంజి వాసన, కుచ్చిళ్లు పెట్టేటప్పుడు ఆ పెళపెళ శబ్దం, నాకు ఆరాధన అక్కడే మొదలైపోతుంది.

మీకు అంత ఓపిక లేకపోతే ప్యాకెట్ గంజి వాడుకోండి, ఇస్త్రీ బయట ఇవ్వండి, తప్పేమీ లేదు. నేను చెప్పేది ఏంటంటే, చేత్తో చేసే పని, చేశాక కంటికి కనిపించే పని ఒకటి ఉండాలి. ఇంటి పనిలో ఎక్కువ భాగం చేసింది చేసినట్టే మాయమైపోతుంది. వండింది తినేస్తారు, తోమినవి మళ్లీ మురికవుతాయి. అందుకే కుట్టు, అల్లిక, కుండీలో ఒక మొక్క, ఇలా నిలిచి ఉండేది ఏదో ఒకటి మనసుకు బలం ఇస్తుంది. హన్నాను చూడండి. పిల్లవాణ్ణి దేవాలయంలో అప్పగించిన తల్లి, ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని 1 సమూయేలు 2లో ఉంది. పిల్లాడు ఏడాదికి ఎంత ఎదిగుంటాడో అంచనా వేసుకుంటూ కుట్టి ఉంటుంది ఆ తల్లి. ఆవిడ ప్రార్థన గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ అంగీ గురించి కూడా ఎవరైనా చెబితే బాగుండుననిపిస్తుంది.

మొక్క మాట వచ్చింది కాబట్టి పూల సంగతి కూడా చెబుతున్నాను. మన సంఘాల్లో కొన్నింటిలో తలలో పూలు పెట్టుకోరు, కొన్నింటిలో పెట్టుకుంటారు. ఎవరి పద్ధతి వాళ్లది. పెట్టుకోని వాళ్లు కూడా ఎండాకాలంలో ఒక మూర మల్లెలు కొని, గిన్నెలో నీళ్లు పోసి మంచం పక్కన పెట్టుకోండి. పెద్ద ఖర్చు కాదు, తెల్లవారేదాకా ఆ వాసన ఉంటుంది.

పిల్లలతో గడిపే టైం గురించి మీకు బాధ ఉందని మీ మాటల్లో తెలుస్తోంది. ఇంగ్లండులో 1700ల మొదట్లో ఎప్‌వర్త్ అనే ఊళ్లో సుసన్నా వెస్లీ అనే తల్లి ఉండేవారు. ఆవిడకు 19 మంది పిల్లలు పుట్టారు, వాళ్లలో చాలామంది పసితనంలోనే పోయారు, పది మంది బతికారు. భర్త పాస్టరుగారు, ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. అంత పనిలోనూ ఆవిడ ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేవారు. జాన్‌కి గురువారం, చార్లెస్‌కి శనివారం. ఆ జాన్ పెద్దయ్యాక, ఆ గురువారం సాయంత్రంలో నాకిచ్చిన కాసింత సమయం మళ్లీ ఇవ్వగలవా అని తల్లికి ఉత్తరం రాశారు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఆయనే. ఆ తల్లి ఇచ్చింది వారంలో ఒక సాయంత్రంలో కాస్తంత భాగం. మీకు ఇద్దరే. ఒకరికి మంగళవారం, ఒకరికి శుక్రవారం అనుకోండి. ఫోన్ పక్కన పెట్టి, వాడు చెప్పే బస్సు గొడవా, పెన్సిల్ పోయిన సంగతీ వినండి.

మిగతా రోజులకు నా దగ్గర ఒక పద్ధతుంది, మీ అమ్మగారు కూడా చేసే ఉంటారు. రాత్రి ఒకే పెద్ద గిన్నెలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి, కాస్త ఆవకాయ ఊట వేసి కలిపి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి చేతిలో ముద్దలు పెట్టడం. నాలుగో తరగతి పిల్లాడు "నేను పెద్దవాణ్ణయ్యాను" అంటాడు మొదట, రెండో ముద్దకు చెయ్యి చాపుతాడు. కంచాల్లో పెడితే టీవీ వైపు చూసే పిల్లలు ముద్దలు పెడితే మన చేతి వైపు చూస్తారు. మాటలు అప్పుడే బయటికి వస్తాయి. చివర పెరుగన్నం, మామిడిపండ్ల రోజుల్లో దాంట్లోకో ముక్క. అక్కడే ఒక చిన్న ప్రార్థన, పిల్లల చేత ఒక్కో మాటతో. కుటుంబ ప్రార్థన అంటే అరగంట అనుకుని చేయలేకపోతున్నామని కుమిలిపోయే ఇళ్లు ఎన్నో చూశాను. ఈ గిన్నె చుట్టూ చేసింది కూడా కుటుంబ ప్రార్థనే.

తిండి దగ్గర ఇంకో మాట. మన ఇళ్లలో తల్లి చివర తింటుంది. కూరలో మంచి ముక్కలు అయిపోయాక గిన్నెకు అంటింది తుడుచుకుని తింటుంది. అది భక్తి అని ఎవరో నేర్పారు, వాక్యం అలా నేర్పలేదు. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి నాకిక చాలు ప్రభువా, చనిపోతాను అన్నప్పుడు, దూత వచ్చి ఉపదేశం చేయలేదు. లేచి తిను అన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి పెట్టాడు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. యోహాను 21లో పునరుత్థానుడైన ప్రభువే ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి అలసిపోయిన వాళ్లను రండి, తినండి అని పిలిచారు. కాబట్టి వారానికి ఒక రోజు మీకు ఇష్టమైన కూర వండండి. ఎవరికి ఇష్టమో అడక్కుండా, మీకు ఇష్టమని వండి, మీరు వాళ్లతో కలిసి కూర్చుని తినండి. మీకు ఏది ఇష్టమో ఇంట్లో వాళ్లకు తెలియనివ్వండి. మీరు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? పిల్లలకు ఆ సంగతి తెలియడం వాళ్లకూ మంచిదే. తల్లికి కూడా ఇష్టాలుంటాయని తెలిసి పెరిగిన మగపిల్లాడు రేపు భార్యను అడుగుతాడు.

స్నేహితురాలు. ఒక్కరు చాలు. మా ఆసుపత్రి రోజుల నుంచి ఉన్న స్నేహితురాలితో రోజూ రాత్రి ఫోన్‌లో మాట్లాడతాను, అయిదు నిమిషాలే. ఏం వండావు, బీపీ ఎంతుంది, ఎవరి కోసం ప్రార్థించాలి, అంతే. ఇలా తల్లులు ఒకరికొకరు తోడుండాలనే తలంపుతోనే ఇంగ్లండులో మేరీ సమ్నర్ అనే పాస్టరుగారి భార్య 1876లో మదర్స్ యూనియన్ మొదలుపెట్టారు. తర్వాత అది మన దోర్నకల్ ప్రాంతపు పల్లెల దాకా వచ్చింది. మీ సంఘంలో స్త్రీల కూడికకు వెళ్లే వీలు లేదన్నారు, వదిలేయండి. మీ వయసు తల్లి ఎవరైనా ఒకరిని చూసుకోండి. ప్రార్థన మనవులు మాత్రమే కాకుండా నవ్వుకునే విషయాలు కూడా చెప్పుకోగలిగిన మనిషి కావాలి.

దూరం వెళ్లే ఆనందాలు కూడా ఉన్నాయి, కాదనను. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి పిల్లల్ని మెదక్ చర్చికి తీసుకెళ్లండి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ అనే మిషనరీ దొరగారు కట్టించిన చర్చి అది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. అక్కడి రంగు గాజు కిటికీల్లో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం ఉంటాయి. పగటి వెలుతురులోనే అవి కనిపిస్తాయి, కాబట్టి చీకటి పడకముందే చేరుకోవాలి. కానీ ఇలాంటి ప్రయాణం ఏడాదికి ఒకసారి. నేను చెబుతున్నది మంగళవారం పొద్దున కూడా చేతికందే వాటి గురించి.

సండే స్కూలు విషయం. పిల్లలంటే మీకు ప్రేమ, అందుకే వదల్లేకపోతున్నారు. కానీ వారమంతా పని చేసి ఆదివారం కూడా పాఠం, చార్టులు, చప్పట్ల పాటలు అంటే ఆ రోజు మీకు ఆరాధనే లేదు. పాస్టరుగారితో నేరుగా మాట్లాడండి. ఇంకొక టీచరును వేయమని, నెలలో రెండు ఆదివారాలు మీరు, రెండు ఆదివారాలు ఆవిడ అని అడగండి. మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే మామ యిత్రో వచ్చి, ఇది మంచి పద్ధతి కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. నిర్గమకాండము 18వ అధ్యాయం. పాస్టరుగారికి ఆ అధ్యాయం గుర్తు చేస్తే కాదనరు.

సామెతలు 31లోని గుణవతి గురించి కూడా రాశారు, ఆమెలా ఉండలేకపోతున్నానని. ఆ భాగం 10వ వచనం నుంచి 31 దాకా 22 వచనాలు. ఇది కూడా హెబ్రీ అక్షరాల వరసలో కట్టిన పద్యమే. ఒక స్త్రీ జీవితమంతా చేసిన పనులను అక్షరానికొకటిగా కూర్చి పొగిడారు. ఒక్క రోజులో అవన్నీ చేసిందని కాదు. 15వ వచనంలో ఆమెకు పనికత్తెలు ఉన్నారని కూడా ఉంది. మీకు వీలుంటే పనిమనిషిని పెట్టుకోండి. అందుకు సిగ్గుపడకండి.

నిద్ర గురించి తేలిగ్గా తీసుకోవద్దు. పదకొండు దాటి పడుకుని అయిదింటికి లేస్తే ఆరు గంటలు కూడా రావడం లేదు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. రాత్రి గిన్నెలు సింకులో ఉండనివ్వండి. మీ వారిని పిల్లల లంచ్ బాక్సులు సర్దమనండి. ఉదయ ప్రార్థనకు నాలుగింటికే లేవాలని ఎవరైనా అంటే, చిన్నపిల్లల తల్లిగా మీకు ఆ నియమం వర్తించదని నా అభిప్రాయం. తన ప్రియులకు నిద్ర ఇచ్చేది దేవుడేనని 127వ కీర్తనలో ఉంది.

ఇప్పుడు నర్సుగా మాట్లాడతాను, ఇది శ్రద్ధగా చదవండి. "దేని మీదా మనసు పోవడం లేదు" అన్నారు. అది అలసట కావచ్చు. రక్తం తక్కువై కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అది ఉంటే మెట్లెక్కినా ఆయాసం, ఊరికే విసుగు, జుట్టు రాలడం ఉంటాయి. థైరాయిడ్ తగ్గినా అలాగే ఉంటుంది. ఈ స్థితిలో టీ, మల్లెపూలు, పాటలు ఎన్ని చెప్పినా పట్టవు, ఎందుకంటే ఒంట్లోనే సత్తువ లేదు. ఈ వారంలోనే సీబీపీ (హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రెండూ మామూలు రక్తపరీక్షలే.

అవి బాగానే ఉండి, రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టమైనవేవీ ఇష్టం కాకపోవడం, నిద్ర గానీ ఆకలి గానీ తేడా రావడం ఉంటే డాక్టరుకు చెప్పండి. డిప్రెషన్ కూడా వైద్యం ఉన్న జబ్బే. విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. ఎవరైనా "ఇంకా ప్రార్థించు" అని మాత్రమే చెబితే, ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో వాళ్లతో మాట్లాడటానికి కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి, వెంటనే మీ వారికి చెప్పండి, ఆ నంబరుకు చేయండి.

హిమోగ్లోబిన్ రిపోర్టు వచ్చాక ఎంతుందో నాకు రాయండి. 12 కంటే తక్కువ ఉంటే డాక్టరు రాసిన మాత్రలతో పాటు ఏం తినాలో, ఆ మాత్రలు ఎప్పుడు వేసుకుంటే కడుపులో వికారం తక్కువగా ఉంటుందో వివరంగా చెబుతాను.